చోడవరంలో చోడుడెవరు?

అర్థం ఇట్టే తెలిసిపోయినట్టు అనిపించే ఊరి పేర్లతోనే అసలు చిక్కు. మాడుగుల అన్నా అనకాపల్లి అన్నా ఒక క్షణం ఆగి, ఇదేం పేరని ఆలోచిస్తాం. చోడవరం దగ్గర అలా ఆగం. చోడ అన్న మాట తెలుసు, వరం అన్న మాట అంతకన్నా బాగా తెలుసు, రెండూ కలిపేస్తే సరిపోయిందనుకుంటాం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరు చెరకు సీమలో ఉంది. పక్కనే గోవాడలో చోడవరం సహకార చక్కెర కర్మాగారం. ఊరి పేరుకు మాత్రం చెరకుతో సంబంధం లేదు. మొదటి సగం విని ఒకరికి తంజావూరు చోళులు గుర్తొస్తారు, ఇంకొకరికి అంబలి కాచుకునే చోళ్ళు గుర్తొస్తాయి. రెండో సగం విని ఇద్దరికీ దేవుడో రాజో ఇచ్చిన వరం గుర్తొస్తుంది. ఈ మూడు ఊహల్లో ఏదీ ఉన్నదున్నట్టుగా నిలవదు. చోడవరం అంటే చోడపురం. ఆ చోడుడు ఒక మనిషి. అయితే అతను చోళ చక్రవర్తే కానక్కర్లేదు, చోళ వంశంవాడు కూడా కానక్కర్లేదు. నా వాదన ఇంతే.

ముందు తేలికైన సగం చూద్దాం. తెలుగులో రెండు మాటలు కలిసి ఒకటైనప్పుడు రెండో మాట మొదట్లో ఉన్న పరుషం మెత్తబడుతుంది. తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, ఊరూ పల్లె కలిస్తే ఊరువల్లెలు. వ్యాకరణం దీన్ని గసడదవాదేశం అంటుంది. ఆ వరసలో చివరిదైన వ పుట్టేది ప నుంచే. కాబట్టి పురం ఒక పేరు వెనక చేరి నాలుక మీద తరతరాలు నలిగితే వురం అవుతుంది, వురం వరం అవుతుంది. ఇది తెలుగుకే పరిమితం కాదు. అరవనాట కాంచీపురం కంజీవరమైంది, ఆ పేరే చీరలకూ అంటుకుంది. చెన్నై పక్కన పల్లవపురం పల్లావరమైంది. కంచి పట్టుచీరలో వరం ఎక్కడుందని ఎవరూ అడగరు, ఎందుకంటే అక్కడ కాంచీపురం అన్న పాత రూపం ఇంకా బతికే ఉంది. భీమవరానికీ అన్నవరానికీ అలా పాత రూపం వాడుకలో మిగల్లేదు. అందువల్ల జనం చేతికందిన సంస్కృత పదాన్ని తెచ్చి అతికించారు. ఇదే చెవికి రామేశ్వరం, ముక్తేశ్వరం కూడా వరంతోనే ముగుస్తాయి గాని అక్కడున్నది ఈశ్వరుడు. ఒకే రెండక్షరాల తోకకు మూడు పుట్టుకలు: సంస్కృత వరం, అరిగిపోయిన పురం, ఈశ్వరంలో సగం.

అన్నవరం సంగతి కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే వరం అన్న అర్థాన్ని గట్టిగా నమ్మేవాళ్ళకు అదే పెద్ద ఉదాహరణ. అనిన వరం ఇచ్చే స్వామి గనక అన్నవరం అంటారు. రత్నగిరి మీద సత్యనారాయణస్వామి వెలసింది 1891లో. గుడి పుట్టిన కథలోనే స్వామి కలలో కనిపించినవాళ్ళు అన్నవరం ఊరి బ్రాహ్మణుడు, ఆ ప్రాంతపు జమీందారు. అంటే స్వామి వచ్చేనాటికే ఊరు ఉంది, ఊరికి ఆ పేరూ ఉంది. వరాలిచ్చే దేవుడి వల్ల ఊరికి పేరు రాలేదు. ఉన్న పేరుకు తర్వాత వచ్చిన దేవుడి మహిమ అర్థమైంది. భక్తికి ఇందులో లోటేమీ లేదు. చరిత్రకు మాత్రం వరస ముఖ్యం, ఇక్కడ వరస తిరగబడింది. గోదావరి జిల్లాల నుంచి విశాఖ దాకా గంగవరాలు, రాజవరాలు, పోలవరాలు, సింగవరాలు ఎన్నో. వీటిలో చాలావాటికి వరం కథే లేదు. కథ ఉన్న ఒకటి రెండు ఊళ్ళను పట్టుకుని లేని ఊళ్ళన్నిటికీ అర్థం చెప్పడం కంటే, అన్నిటికీ సరిపోయే ఒక ధ్వని మార్పుతో చెప్పడం మేలు.

దీనికి గట్టి ఆక్షేపణే ఒకటుంది. పురం అంత తేలిగ్గా వరమైపోతే పిఠాపురం ఎందుకు కాలేదు? అది నిన్న మొన్నటి ఊరు కాదు. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు తన దక్షిణ దండయాత్రలో లొంగదీసుకున్నానని అలహాబాదు స్తంభం మీద చెక్కించిన రాజుల్లో పిష్టపురం మహేంద్రుడు ఒకడు. పదహారు వందల ఏళ్ళు నలిగినా ఆ పురం చెక్కుచెదరలేదు. పార్వతీపురం, నరసాపురం, అమలాపురం కూడా అంతే. ఈ పేర్లను వరుసగా పెట్టి పలికి చూస్తే ఒకటి చెవిన పడుతుంది. పురం నిలిచిన చోట దాని ముందు అచ్చు దీర్ఘం: పిఠా, పార్వతీ, నరసా, అమలా. వరమైన చోట హ్రస్వం: భీమ, అన్న, గంగ, చోడ. జంటలుగా ఉన్న ఊళ్ళలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. రామవరాలున్నాయి, రామాపురాలున్నాయి. కృష్ణవరం, కృష్ణాపురం. సింగవరం, సింగాపురం. గంగవరం, గంగాపురం. మొదటి మాట అవే, తోక మారింది, తోకతోపాటు దాని ముందున్న అచ్చు నిడివీ మారింది. దీర్ఘం మీద ఊనిక పడితే వెనకొచ్చే పురం విడి మాటగా నిలబడుతుంది. హ్రస్వమైతే రెండూ అతుక్కుపోయి ప కాస్తా వ లోకి జారుతుంది. అనంతపురం, రామచంద్రపురం లాంటి పొడుగు పేర్లు ఈ లెక్కకు లొంగవన్నది నిజమే. అక్కడ మొదటి మాట బరువే పురాన్ని విడిగా నిలబెట్టిందని నా అభిప్రాయం. ఇది ఉక్కు సూత్రం కాదు, మొగ్గు మాత్రమే. చోడవరం మాత్రం ఆ మొగ్గున్న వైపే పడుతోంది.

ఇక మొదటి సగం. ఇక్కడ చోళ్ళ పక్షాన మాట్లాడేవాళ్ళను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. కృష్ణా జిల్లా నుంచి రాయలసీమ దాకా రాగులనీ, తెలంగాణలో తైదలనీ పిలిచే గింజను ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. పలకడంలో అది సోళ్ళు కూడా. వరి అన్నం అందరికీ రోజూ అందని కాలంలో ఈ సీమ పొట్ట నింపింది ఆ గింజే. రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి పులియబెడతారు. పొద్దున్నే కుండలో నూకలు ఉడుకుతుంటే ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతారు. చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగి పొలానికి పోతారు. ఇంత దగ్గరి గింజను వదిలేసి ఎక్కడో కావేరి ఒడ్డు రాజులను ఊరి పేరులోకి ఎందుకు తేవాలి? రాజుల పేర్లు పండితులకు, పంటల పేర్లు జనానికి అన్న వాదం వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఊళ్ళకు పంటల పేర్లూ చెట్ల పేర్లూ పెట్టుకోవడం మనకు కొత్త కాదు కూడా. జొన్న, చింత, తాడి, వేప ఉన్న ఊరి పేర్లు ఏ మండలంలో చూసినా దొరుకుతాయి.

చిక్కు వచ్చేది న్యాయం దగ్గర కాదు, ఒక గుడి దగ్గర. చోళ్ళు బహువచనం, దాని ఏకవచనం చోడి. గుడి గుళ్ళైనట్టు, బడి బళ్ళైనట్టు, కోడి కోళ్ళైనట్టు చోడి చోళ్ళైంది. ఇలా ఇకారంతో ముగిసే మాట సమాసంలో మొదట నిలిస్తే ఆ ఇకారాన్ని వదులుకోదు. గుడివాడ గుడవాడ కాలేదు, కోడిగుడ్డు కోడగుడ్డు కాలేదు, చోడిపిండిని ఎవరూ చోడపిండి అనరు. చోడంబలి అంటారు కదా, అక్కడ ఇకారం పోయింది కదా అని అడగవచ్చు. అక్కడ వెనకున్నది అచ్చు. అచ్చుకు అచ్చు తగిలితే ముందుది జారిపోవడం సంధి, అంతకు మించి ఏమీ లేదు. వెనక హల్లుంటే ఇకారం కదలదు, వరం మొదలయ్యేది హల్లుతో. గింజ వల్ల వచ్చిన పేరైతే మన ఊరు చోడివరమో చోళ్ళవరమో కావలసింది. ఉచ్చారణ మాత్రం ఈ తగవు తీర్చలేదు. చోడిని సోడి అన్నట్టే చోడవరాన్నీ వాడుకలో సోడవరం అంటారు, చకారం రెండింటిలోనూ ఒకేలా సకారమవుతుంది. తీర్పు చెప్పగలిగింది నడుమనున్న ఆ ఒక్క అచ్చే.

మరో సాక్ష్యం పటంలో ఉంది. చోడవరం అన్న పేరు ఈ ఒక్క ఊరికే లేదు. కృష్ణా జిల్లా పెనమలూరు మండలంలో, విజయవాడకు దిగువన, ఒక చోడవరం ఉంది. అది వరి సీమ, పైగా అక్కడ ఆ గింజను రాగులంటారే గాని చోళ్ళనరు. గింజ పేరే లేని చోట గింజ పేరుతో ఊరెలా వెలుస్తుంది? చెన్నైకి ఉత్తరాన షోలవరం ఉంది. నగరానికి తాగునీరు పంపే చెరువుతోనూ, ఒకప్పుడు పాత రన్‌వే మీద జరిగిన కారు పందేలతోనూ పేరు పడిన ఊరది. తమిళంలో దాని పేరు రాసేది జొన్నకు వాడే అక్షరంతో కాదు, చోళ రాజులకు వాడే అక్షరంతో. పేరుకు పేరు చూస్తే అది మన చోడవరానికి కవల. కవల అన్నంత మాత్రాన తల్లి ఒకతే అనుకోనక్కర్లేదు గాని, ఇద్దరికీ ఒకే రకం పేరు పెట్టారని మాత్రం చెప్పవచ్చు.

ఆ రెండు అక్షరాల తేడాలోనే మొత్తం గందరగోళానికి మూలం ఉంది. తమిళంలో చోళ రాజు పేరులోని ధ్వని వేరు, జొన్నకూ ఇప్పుడు మొక్కజొన్నకూ వాడే చోళం అన్న మాటలోని ధ్వని వేరు. రాజు పేరులో ఉన్న ఆ నాలుక మడత ధ్వని పాత తెలుగులోనూ ఉండేది. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో వేయించిన శాసనాన్ని మనం తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటాం. ఆ కాలపు రాతల్లో ళ కాకుండా దీనికి వేరే అక్షరం కనిపిస్తుంది, ఇప్పుడు కంప్యూటర్ అక్షరాల్లో ఴ అని చేర్చుకున్నది. తర్వాత ఆ ధ్వని తెలుగులో చాలా చోట్ల డకారంగా స్థిరపడింది. తమిళుల ఏడు, కోడి మాటల్లో ఆ ధ్వని ఇప్పటికీ ఉంది, మనకు డ మిగిలింది. రాజు పేరు కూడా ఆ దారినే చోడ అయింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్న అశోకుడి శాసనాల్లో దక్షిణాది రాజ్యాల పేర్లు చెప్పేటప్పుడు ప్రాకృతంలో చోడ అనే కనిపిస్తుంది. మరో పక్క మన చోడిలోనూ డకారమే. తమిళంలో ఎడంగా ఉన్న రెండు మాటలు తెలుగు నోటికి వచ్చేసరికి పక్కపక్కన చేరాయి. పైగా చోళులు, చోళ్ళు అన్న బహువచనాలు వింటే తేడా ఇంకా తగ్గిపోతుంది. రాజుల పేరే చోళం గింజ నుంచి వచ్చిందన్న ఊహ కూడా ఒకప్పుడు ఉండేది. కె. ఎ. నీలకంఠ శాస్త్రి తన చోళ చరిత్రలో ఆ ఊహను, దొంగ అనే అర్థమున్న సంస్కృత చోర నుంచి వచ్చిందన్న ఇంకో ఊహను ప్రస్తావించి, వేటినీ సంతృప్తికరంగా భావించలేదు. అక్షరాలు వేరైన చోట ఆయన జంకడం సబబే.

పోలిక ఎంత దారి తప్పిస్తుందో షోలాపూర్ చూస్తే తెలుస్తుంది. పేరు వింటే చోళపురానికి మరాఠీ వేషం వేసినట్టుంటుంది. అక్కడివాళ్ళు సోలా అంటే పదహారు, పదహారు పల్లెలు కలిసిన ఊరని చెప్పుకున్నారు. పన్నెండో శతాబ్దంలో శివయోగి సిద్ధరామేశ్వరుడు ఉన్ననాటి శాసనాల్లో ఆ ఊరు సొన్నలిగె. చోళులూ లేరు, పదహారూ లేదు. సంస్కృత నిఘంటువుల్లో రవికకు చోలమన్న మాట ఉంది, మరాఠీ చోళీ, హిందీ చోలీ ఆ కుటుంబమే. దాన్నీ చోళదేశపు బట్టకు ముడిపెట్టాలనిపిస్తుంది గాని, వినసొంపుగా ఉండటం తప్ప ఆ ముడికి బలం లేదు. కాబట్టి చోడవరంలో చోడ రాజుల చోడే అని చెప్పాలంటే పోలిక చాలదు. పైన చూసిన అచ్చు, పటం, పురం అన్న తోక మూడూ కలిసి రావాలి. మూడూ కలిసి వచ్చాయి గనకనే ఆ మాట అనగలుగుతున్నాను. పురం అన్న తోక మామూలుగా మనిషి పేరు వెనకో దేవుడి పేరు వెనకో చేరుతుంది. గింజల వెనక చేరడం అరుదు.

అయితే ఏ చోడుడు? చోళులు ఈ తీరానికి వచ్చారు గనక చోడవరం అని చెప్పి ఊరుకునేవాళ్ళు ఇక్కడే తొందర పడతారు. ఈ ప్రాంతంలో చోడ అన్న పేరు పెట్టుకున్నవాళ్ళ వరస చాలా పెద్దది. 973లో వేంగి చాళుక్యరాజు దానార్ణవుణ్ణి చంపి ఇరవయ్యేడేళ్ళు తీరాన్ని ఏలిన జటాచోడ భీముడు తెలుగు చోడుడు, తంజావూరు చోళులకు శత్రువు. అతని అధికారం మహేంద్రగిరి దాకా సాగిందని చెబుతారు. అతన్ని దించి 999లో శక్తివర్మను వేంగి గద్దె మీద కూర్చోబెట్టింది రాజరాజ చోళుడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళతో రెండు వంశాలూ కలిసిపోయాయి. రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి తల్లి చోళుల ఆడపడుచు, భార్య చోళుల ఆడపడుచు. వాళ్ళ కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. తండ్రి వైపు చూస్తే అతను చాళుక్యుడే. అతని సేనాని కరుణాకర తొండైమాన్ కళింగ మీద చేసిన దండయాత్రే తమిళంలో కళింగత్తుప్పరణి కావ్యానికి వస్తువు. సింహాచలం గుడిలో దొరికిన పాత శాసనం 1098-99 నాటిది, కులోత్తుంగుడి కాలానిది. విశాఖపట్నానికి అతని పేరుతో కులోత్తుంగచోళపట్టణమన్న పేరూ పెట్టారు. ఇన్ని సాక్ష్యాలుండగా చోడవరాన్ని కులోత్తుంగుడి ఖాతాలో రాసెయ్యడానికి అడ్డేమిటని అడగవచ్చు. ఆ విశాఖ పేరే అడ్డు. చక్రవర్తి పేరుతో ఊరు వెలిస్తే బిరుదులతో, పూర్తి హంగుతో వెలుస్తుంది: కులోత్తుంగచోళపట్టణం, గంగైకొండచోళపురం. అలాంటి బరువైన పేర్లు శాసనాల్లో నిలుస్తాయి గాని జనం నోట నిలవడం కష్టం. విశాఖలో నిలవనే లేదు. చోడవరంలో ఏ బిరుదూ లేదు, ఒట్టి చోడ. కుంభకోణం దగ్గర ఒట్టి చోళపురం ఒకటి ఉంది కాబట్టి చక్రవర్తిని పూర్తిగా తోసిపుచ్చను. కాని ఒట్టి పేరుకు ఒట్టి మనిషే ఎక్కువ నప్పుతాడు.

చోడ అన్నది ఒట్టి మనిషి పేరైపోయిందనడానికి చుట్టూ కావలసినంత సాక్ష్యం ఉంది. కులోత్తుంగుడు వేంగికి ప్రతినిధులుగా పంపిన కొడుకుల పేర్లు చూడండి: ముమ్మడి చోడుడు, వీరచోడుడు, చోడగంగుడు. అదే రోజుల్లో కళింగ గద్దె మీద, 1078లో పట్టాభిషేకమైన అనంతవర్మ చోడగంగుడు ఉన్నాడు. అతని తల్లి రాజసుందరి చోళ రాజకుమారి. పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ కలిపి కొడుక్కి పెట్టారు. ఒకే కాలంలో, పక్కపక్క రాజ్యాల్లో, ఇద్దరు చోడగంగులు. శాసనంలో చోడగంగ అని కనిపిస్తే ముందు ఎవరని అడగాల్సిందే. కళింగ చోడగంగుడి రాగిరేకులు విశాఖపట్నంలోనే దొరికాయి, 1081, 1118, 1135 నాటివి. అతను ఒడియా నోట చూడంగ అయ్యాడు. పూరీలో ఒక వీధి పేరు నేటికీ చూడంగ సాహి. అక్కడ చోడ అన్న మాటలో చోళుల వాసన పూర్తిగా పోయింది. కోనసీమ ముమ్మిడివరానిదీ ఇలాంటి కథే. ముమ్మడి చోళ అన్నది రాజరాజ చోళుడి బిరుదు, కులోత్తుంగుడి కొడుకు పేరు, పద్నాలుగో శతాబ్దంలో కోరుకొండనేలిన నాయకుడి పేరు కూడా ముమ్మడే. ముగ్గురిలో ఊరు ఎవరిదో పేరు ఒక్కటే చూసి చెప్పలేం.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం చోడవరానికి దక్షిణంగా, ఇదే జిల్లాలో ఎలమంచిలి దగ్గర ఉంది. అక్కడి పంచదార్ల గుట్ట మీద ధర్మలింగేశ్వరుడి గుడి. పేరు వినగానే చెరకు సీమ గనక పంచదారే అనుకుంటారు. గుడి దగ్గర పారే ఐదు నీటిధారల వల్ల వచ్చిన పేరది. ధకారం ఒత్తు పోగొట్టుకుని చక్కెరతో కలిసిపోయింది. ఆ గుడి స్తంభం మీద 1403లో శాసనం వేయించినవాడు కోన వంశపు రాజు మూడో చోడుడు. చరిత్రకారులు అతన్ని మూడోవాడన్నారంటే ఆ ఇంట్లో అంతకుముందే ఇద్దరు చోడులు పుట్టి పోయారన్నమాట. కోన రాజులు హైహయులమని చెప్పుకున్నారు, చోళులమని కాదు. నాలుగేళ్ళ తర్వాత, 1407లో, అదే చోట తూర్పు చాళుక్య వంశపు విశ్వేశ్వరుడు మరో శాసనం వేయించాడు. అంటే పదిహేనో శతాబ్దం మొదట్లో, ఈ సీమ నడిబొడ్డున, చోళ రక్తంతో పనిలేకుండా చోడ అన్న పేరున్న రాజు ఒకడు గుళ్ళకు దానాలిస్తున్నాడు. గంగైకొండ చోళపురం కట్టిన రాజేంద్రుడి వంశం అప్పటికి కనుమరుగై నూరేళ్ళు దాటింది. పేరుకు చావు లేదు కాబట్టి ఈ సీమలో తిరుగుతూనే ఉంది.

ఇంత చెప్పినా చోళులను ఇష్టపడేవాళ్ళ దగ్గర ఇంకో వాదం మిగులుతుంది. బ్రిటిషు కాలంలో చోడవరం ఒక తాలూకాకు ముఖ్యస్థలం. రాతల్లో వీరవల్లి అనీ వీరవిల్లి అనీ కనిపించే తాలూకా అది. ఒక చోట వీర, ఒక చోట చోడ, కులోత్తుంగుడి కొడుకు వీరచోడుడు వేంగినేలాడు, ఇంకేం కావాలి? నోరూరించే ఊహే, కాదనను. కాని వీర అన్న మాట తెలుగునాట వేల ఊళ్ళలో, వేల మనుషుల్లో ఉంది. రెండు వేర్వేరు ఊళ్ళ పేర్లలోంచి చెరో ముక్క తీసి కలిపితే వచ్చిన రాజు మనం తయారుచేసిన రాజు. గోదావరి మన్యంలో రంపచోడవరం ఉంది. పక్కనే రంప ఉంది కాబట్టి ఆ ముందుమాట చేరింది, చేరకపోతే రెండు చోడవరాలను విడదీయడం కష్టమయ్యేది. రంపలో చోళ చక్రవర్తి, పెనమలూరులో ఇంకో చోళ చక్రవర్తి, మన దగ్గర మూడోవాడు అని ఒప్పించడం కన్నా, ఏ ఊరికి ఆ ఊరి చోడుడు ఉన్నాడని ఒప్పించడం తేలిక.

నా వాదన ఏ స్థాపన శాసనం మీదా నిలబడలేదు, పేరు నిర్మాణం మీదా చుట్టుపక్కల రికార్డుల మీదా నిలబడింది. దాన్ని పరీక్షించే దారి కూడా ఆ రికార్డుల్లోనే ఉంది. గుడికి భూమి దానమిచ్చినప్పుడు శాసనంలో ఆ భూమి ఎల్లలు చెబుతారు: తూర్పున ఏ వాగు, పడమట ఏ చింతచెట్టు, ఉత్తరాన ఏ ఊరి పొలిమేర. పెద్ద ఊళ్ళ చరిత్రలో దొరకని చిన్న ఊళ్ళ పాత పేర్లు చాలావరకు ఈ ఎల్లల్లోనే దొరుకుతాయి. అలాంటి చోట పొరుగూరుగా చోడపురమని ఒక్కసారి కనిపిస్తే వరం కథ ముగిసినట్టే. చోడివరమని కనిపిస్తే చోళ్ళ పక్షం గెలిచినట్టు, నేను చెప్పిన అచ్చు లెక్క తప్పినట్టు. ఆ రాత 1403కు చాలా ముందుదైతే కోన వంశపు మూడో చోడుడికి ఊరితో సంబంధం తెగుతుంది, అతని తాతో ముత్తాతో మిగులుతారు. 1070కి ముందుదైతే కులోత్తుంగుడూ, అతని కొడుకులూ, ఇద్దరు చోడగంగులూ ఒక్కసారే వరస నుంచి తప్పుకుంటారు. జటాచోడ భీముడు ఒక్కడూ ముందుకొస్తాడు.